మీకు తెలుసా? మన ‘గా’, వాళ్ల ‘లీ’

మనలో చాలామంది ఇంగ్లీషులో రాసిన మొదటి ఉత్తరం సెలవు చీటీయే. జ్వరం వచ్చిందనో, అక్క పెళ్లి ఉందనో రెండు ముక్కలు రాసి, కింద ‘యువర్స్ ఒబీడియెంట్లీ’ అని చేర్చి మాస్టారి బల్ల మీద పెట్టేవాళ్లం. మావయ్యకు రాస్తే అదే చోట ‘యువర్స్ లవింగ్లీ’ వచ్చేది. ఆ మాటలకు అర్థం ఏమిటని మనం అడగలేదు, ఎవరూ చెప్పనూ లేదు. అవి రెండూ మనసులోని భావం చెప్పే క్రియావిశేషణాలు. ఒకటి ‘విధేయతతో’, రెండోది ‘ప్రేమతో’. ఇంగ్లీషులో భావం పలికే మాట అంత చిన్నప్పుడే మన చేతికొచ్చింది, కానీ దాన్ని ఎక్కడ ఎలా వాడాలో మాత్రం చాలామందికి ఇప్పటికీ సందేహమే. సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీషు పాఠాలు చెబుతూ నేను ఎక్కువగా దిద్దే తప్పులు ఇక్కడివే. అందుకే ఈ సంగతులన్నీ ఒకచోట చేర్చాను.

‘లీ’ అంటే ఒళ్లు

‘శాడ్లీ’, ‘గ్లాడ్లీ’, ‘యాంగ్రిలీ’ మాటల చివర వచ్చే ‘లీ’ ఒకప్పుడు సొంత అర్థం ఉన్న మాట. పాత ఇంగ్లీషులో ‘లిచ్’ అంటే శరీరం. చర్చి ఆవరణలోకి శవపేటికను తీసుకెళ్లే ముందు కాసేపు ఆపే గేటును ఇంగ్లండులో ఇప్పటికీ ‘లిచ్‌గేట్’ అనే పిలుస్తారు. జర్మన్‌లో శవాన్ని ‘లైషె’ అంటారు. అన్నీ ఒకే కుటుంబం. ఫలానా ఒళ్లు, ఫలానా రూపు ఉన్నది అనే భావం అరిగి అరిగి చివరికి ‘లీ’గా మిగిలింది.

ఫ్రెంచివాళ్లు ఇదే పనికి ‘మాఁ’ అనే తోకను, స్పానిష్, ఇటాలియన్ వాళ్లు ‘మెంతె’ను తగిలిస్తారు. ఆ తోక లాటిన్‌లో మనసు అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. అంటే ‘విచారంగా’ అనడానికి ఇంగ్లీషు ఒంటిని ఆసరా చేసుకుంటే, ఫ్రెంచి మనసును ఆసరా చేసుకుంది.

మరి మన ‘గా’? అది ‘అగు’ అనే క్రియ నుంచి పుట్టింది. ‘సంతోషంగా’ అన్నప్పుడు, సంతోషం అయి, సంతోషంలా మారి అని లోపల ఒక క్రియ దాగి ఉంది. ఈ మూడింటిలో నాకు మనదే ఎక్కువ నచ్చుతుంది. మనిషికి భావం తొడగకుండా, మనిషే భావం అయిపోతాడు.

ఒక్క ‘గా’ రెండు పనులు చేస్తుంది

ఇది కాస్త నిదానంగా చదవండి, మన తప్పులకు వేరు ఇక్కడే ఉంది.

ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి పరుగెత్తుకొచ్చిన ఒక అబ్బాయి ‘ఐ యామ్ వెరీ హ్యాపిలీ సర్’ అన్నాడు. ఆ క్షణంలో దిద్దబుద్ధి కాలేదు. మర్నాడు కూర్చోబెట్టి అడిగాను, ఆ ‘లీ’ ఎందుకు పెట్టావని. వాడు చెప్పిన కారణంలో తర్కం ఉంది: “సంతోషంగా అంటే హ్యాపిలీ కదా సర్. నేను సంతోషంగా ఉన్నాను.” తెలుగు పక్కాగా తెలిసినవాడే చేసే తప్పు అది.

తెలుగులో రెండు వాక్యాలు చూడండి. ‘ఆవిడ కోపంగా ఉంది.’ ‘ఆవిడ కోపంగా తలుపు వేసింది.’ రెండింటిలోనూ ఒకటే ‘కోపంగా’. కానీ మొదటిదానిలో కోపం మనిషికి చెందింది, రెండోదానిలో కోపం ఆ తలుపు వేసిన తీరులో ఉంది. మనకు ఆ తేడా చూపించాల్సిన అవసరం లేదు, ఇంగ్లీషుకు ఉంది. మనిషి సంగతి చెబితే ‘షీ ఈజ్ యాంగ్రీ’, పని సంగతి చెబితే ‘షీ షట్ ద డోర్ యాంగ్రిలీ’. ఉండటం, కనిపించడం, అనిపించడం, వినిపించడం వంటి క్రియల తర్వాత సాధారణంగా ‘లీ’ రాదు. చెయ్యడం, చూడటం, మాట్లాడటం, నడవటం వంటి పనుల పక్కన వస్తుంది.

అన్నిటికంటే చిక్కు పెట్టేది ‘లుక్’. ‘హీ లుక్డ్ శాడ్’ అంటే విచారంగా కనిపించాడు. ‘హీ లుక్డ్ శాడ్లీ ఎట్ ద హౌస్’ అంటే ఆ ఇంటి వంక విచారంగా చూశాడు. ఒకే క్రియ, ఒక్క ‘లీ’ తేడాతో, కనిపించినవాడు చూసినవాడైపోయాడు. నేను పిల్లలకు చెప్పే చిట్కా ఇది: మీ తెలుగు వాక్యంలో ‘గా’ తర్వాత ‘ఉన్నాడు, కనిపించాడు, అనిపించింది’ ఉంటే ‘లీ’ వదిలేయండి. ఏదైనా పని ఉంటే ‘లీ’ తగిలించండి. పదిలో తొమ్మిదిసార్లు ఇది మిమ్మల్ని కాపాడుతుంది.

ఇంకో ఊరట: ‘ఐ ఫీల్ బ్యాడ్’ అనాలా, ‘ఐ ఫీల్ బ్యాడ్లీ’ అనాలా అని పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లే తడబడతారు. బాధగా ఉందని చెప్పడానికి వ్యాకరణం ఒప్పుకునేది మొదటిదాన్నే.

మాట చోటు మారితే మనిషి బతుకుతాడు

‘హీ డిడ్ నాట్ డై హ్యాపిలీ.’ ‘హ్యాపిలీ, హీ డిడ్ నాట్ డై.’ మాటలు అవే. మొదటి వాక్యంలో ఆయన పోయాడు, సంతోషంగా పోలేదు. రెండో వాక్యంలో ఆయన బతికే ఉన్నాడు. ‘హ్యాపిలీ’ వాక్యం ముందుకు వచ్చి, పక్కన కామా పడగానే, ఆ సంతోషం ఆయనది కాకుండా పోయింది. కబురు చెప్పేవాడిది అయింది. తెలుగులో దీనికి మనం ఏకంగా మాటే మార్చేస్తాం. ‘సంతోషంగా చనిపోలేదు’ ఒకటి, ‘అదృష్టం కొద్దీ చనిపోలేదు’ ఇంకొకటి.

అంటే భావానికి మూడో చోటు కూడా ఉందన్నమాట. మనిషిలో ఉండొచ్చు, పనిలో ఉండొచ్చు, చెప్పేవాడి గొంతులో ఉండొచ్చు. ‘శాడ్లీ’, ‘లకిలీ’, ‘థ్యాంక్‌ఫుల్లీ’, ‘అన్‌ఫార్చునేట్లీ’ వాక్యం మొదట్లో నిలబడితే అవన్నీ చెప్పేవాడి భావాలే.

ఆఫీసు మెయిళ్లు రాసేవాళ్లు ఇంకొక జత గుర్తుపెట్టుకోవాలి. ‘రిగ్రెట్‌ఫుల్లీ’ అంటే మనసులో బాధపడుతూ. ‘రిగ్రెటబ్లీ’ అంటే బాధపడాల్సిన విషయమేమిటంటే అని. సమావేశం రద్దయిందని రాసేటప్పుడు వాక్యం మొదట్లో పెట్టడానికి రెండోదే సరైనది. సమావేశానికి మనసు ఉండదు కదా, బాధపడటానికి.

‘పాపం’కు ఇంగ్లీషు లేదు

‘పాపం, ఆయన చాలా కష్టపడ్డాడు.’ ఈ ‘పాపం’ ఏం చేస్తోందో చూశారా? వాక్యం ముందు నిలబడి, చెప్పేవాడి గుండెలో మెత్తదనాన్ని మొత్తం వాక్యం మీద పరుస్తోంది. ‘శాడ్లీ’ అనువాదం చేస్తే సరిపోదు. ‘శాడ్లీ’లో జరిగినదాని మీద విచారం ఉంటుంది, ‘పాపం’లో ఆ మనిషి మీద జాలి ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు ‘పూర్ ఫెలో’, ‘పూర్ థింగ్’ అని మనిషికే ఆ జాలిని అంటిస్తారు. మనకు ఆ మాట వాక్యంలో మొదట, మధ్యలో, చివర ఎక్కడైనా ఒదుగుతుంది. పైగా అసలు అర్థం చూస్తే అది పుణ్యానికి ఎదురు మాట. దోషం పేరు జాలి పేరుగా మారడం భాష చేసే మంచి పనుల్లో ఒకటి.

ఒక మాట కోసం దశాబ్దాల గొడవ

‘హోప్‌ఫుల్లీ, ఇట్ విల్ రెయిన్ టుమారో.’ రేపు వాన పడుతుందని ఆశిస్తున్నాను అని అర్థం. ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. కానీ 1960ల నుంచి అమెరికాలో భాషా పండితులు ఈ వాడుక మీద విరుచుకుపడ్డారు. ఆశగా కురవడానికి వానకు ఆశలున్నాయా అన్నది వాళ్ల ప్రశ్న. ‘హోప్‌ఫుల్లీ’ అంటే ఆశతో నిండిన తీరులో అని మాత్రమే వాడాలన్నారు. అమెరికా పత్రికలు అనుసరించే అసోసియేటెడ్ ప్రెస్ శైలి పుస్తకం కూడా చాలాకాలం ఒప్పుకోలేదు. చివరికి 2012 ఏప్రిల్‌లో తలుపు తెరిచింది. జనం నోట నిలిచిన మాటను ఆపడం కష్టమని అక్కడా రుజువైంది. కాబట్టి మీరు ధైర్యంగా వాడుకోవచ్చు.

సినిమా చేర్చిన ఒక్క మాట

మార్గరెట్ మిచెల్ నవల ‘గాన్ విత్ ద విండ్’ 1936లో వచ్చింది. చివర్లో రెట్ బట్లర్ భార్యను వదిలి వెళ్తూ అనే మాట నవలలో ‘ఫ్రాంక్లీ’ లేకుండా ‘మై డియర్, ఐ డోంట్ గివ్ ఎ డ్యామ్’ అనే ఉంటుంది. 1939లో సినిమా తీసినప్పుడు ఆ మాట మొదట్లో ‘ఫ్రాంక్లీ’ చేర్చారు. ఆ చేర్చిన మాటతోనే లోకం దాన్ని గుర్తుపెట్టుకుంది. 2005లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వంద గొప్ప సినిమా డైలాగుల జాబితా వేస్తే అదే మొదటి స్థానంలో నిలిచింది. వాక్యానికి ముందు నిలబడే ఒక్క ‘లీ’ మాట అంత పని చేయగలదు.

కడుపు నిండినవాడే విచారంగా ఉన్నాడు

భావాల పేర్ల వెనక్కి వెళ్తే విచిత్రాలు కనిపిస్తాయి. ‘శాడ్’ అంటే పాత ఇంగ్లీషులో కడుపు నిండినవాడు, తృప్తి పడ్డవాడు. నిండటం ఎక్కువై బరువైంది, బరువు విసుగైంది, విసుగు విచారమైంది. ‘గ్లాడ్’ అంటే మొదట మెరిసేది, కాంతిగలది. మనమూ ‘మొహం వెలిగిపోయింది’ అంటాం. ‘హ్యాపీ’లో ఉన్న ‘హ్యాప్’కు అదృష్టం అని అర్థం. హ్యాపీగా ఉన్నవాడు అంటే ఒకప్పుడు కలిసొచ్చినవాడు. ‘ఈగర్లీ’ అంటే ఆత్రంగా. దాని వేరు ఫ్రెంచిలో పులుపు, ఘాటు అనే అర్థమిచ్చే మాట. ‘వినిగర్’ చివర ఉన్నదీ అదే. ‘యాంక్షస్లీ’ అంటే ఆందోళనగా. లాటిన్‌లో దాని వేరుకు గొంతు నులమడం అని అర్థం. దిగులు పుట్టినప్పుడు ‘ఊపిరాడటం లేదు’ అని మనం అనేదీ అదే అనుభవం.

నాకు బాగా నచ్చింది ‘ఎన్థూజియాస్టిక్లీ’. ఉత్సాహంగా అని అర్థం చెప్పి వదిలేస్తాం. దీని మూలం గ్రీకులో ‘లోపల దేవుడున్నవాడు’. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో ఈ మాటను మతావేశంతో ఊగిపోయేవాళ్ల మీద నిందగా వాడేవారు. మనకు ఇది అర్థం కావడానికి గ్రీకు నేర్చుకోనక్కర్లేదు. బోనాల్లో పోతరాజు వెనక నడిచే జనంలో, జాతరలో డప్పుల చప్పుడుకు తల ఊపే మనిషిలో చూస్తాం. దాన్ని పూనకం అంటాం. అదే పూనడం నుంచి ‘పూనుకుని పని చెయ్యి’ అనే మాటా వచ్చింది. ‘ఆవేశం’ కూడా లోపలికి ప్రవేశించడమే. ఈసారి ఎవరైనా ‘ఎన్థూజియాస్టిక్లీ’కి తెలుగు అడిగితే, ఉత్సాహంగా అని చెప్పి, పూనకం కథ కూడా చెప్పండి. ఇక మరిచిపోరు.

మనం చప్పుడుతో నవ్వుతాం, వాళ్లు క్రియ మార్చి నవ్వుతారు

తెలుగులో నవ్వడానికి ఒకే క్రియ, దాని ముందు ఎన్ని మాటలో! కిలకిలా నవ్వింది, పకపకా నవ్వాడు, ముసిముసిగా నవ్వుకుంది, విరగబడి నవ్వారు. ఏడుపు కూడా అంతే. వెక్కి వెక్కి, భోరున, కుమిలి కుమిలి, గుక్కపట్టి. చూపులు సరేసరి: కొరకొరా, గుర్రుగా, బేలగా, ఎగాదిగా, బిత్తరబిత్తరగా.

విద్యార్థులు వీటికి ‘లీ’ మాటలు వెతుకుతారు, దొరక్క నిరాశపడతారు. కారణం తేలిక. మనం క్రియను ఉంచి ముందు మాట మారుస్తాం, ఇంగ్లీషు ముందు మాట లేకుండా క్రియనే మార్చేస్తుంది. కిలకిలా నవ్వితే ‘గిగిల్’, పెద్దగా పగలబడి నవ్వితే ‘గఫా’, లోలోపల నవ్వుకుంటే ‘చకుల్’. వెక్కి వెక్కి ఏడిస్తే ‘సాబ్’, రాగం తీసి ఏడిస్తే ‘వెయిల్’, నీరసంగా మూలిగితే ‘విమ్పర్’. కొరకొరా చూస్తే ‘గ్లేర్’. అందుకే ‘గ్లేర్డ్ యాంగ్రిలీ’ అని రాస్తే మంచి సంపాదకుడు ‘యాంగ్రిలీ’ కొట్టేస్తాడు, కోపం ‘గ్లేర్’లోనే ఉంది కాబట్టి. ‘విస్పర్డ్ సాఫ్ట్లీ’ కూడా అంతే.

కొన్నిటికి మాత్రం సూటిగా ఏదీ దొరకదు. ‘గుక్కపట్టి ఏడ్చాడు’ తీసుకోండి. పసివాడు నోరు తెరిచాడు, మొహం ఎర్రబడింది, చప్పుడు రాదు, తల్లికి ఆ రెండు క్షణాలు గుండె ఆగినంత పనవుతుంది, అప్పుడు ఒక్కసారిగా ఏడుపు బయటికొస్తుంది. దీన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే నేను ఇప్పుడు రాసినట్టు ఒక వాక్యమే రాయాలి. రాయండి, తప్పులేదు. ఒక మాటకు ఒక మాటే కావాలన్న పట్టుదల వదిలితే ఇంగ్లీషు సగం తేలికవుతుంది.

‘లీ’ ఉన్నా కానివి, ‘లీ’ చేరితే తిరగబడేవి

‘ఫ్రెండ్లీ’, ‘లవ్లీ’, ‘లోన్లీ’, ‘కౌవర్డ్లీ’. చివర ‘లీ’ ఉంది కానీ ఇవి విశేషణాలు. స్నేహంగా మాట్లాడాడు అనడానికి ‘హీ స్పోక్ ఫ్రెండ్లీ’ అనకూడదు, ‘ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అనాలి.

‘షీ క్రైడ్ హార్డ్’ అంటే బాగా ఏడ్చింది. ‘షీ హార్డ్లీ క్రైడ్’ అంటే ఏడ్చిందనడానికే లేదు. ఉద్యోగ దరఖాస్తులో ‘ఐ వర్క్ హార్డ్లీ’ అని రాసినవాళ్ల కాగితాలు నా చేతికొచ్చాయి. కష్టపడతానని చెప్పబోయి పని పెద్దగా చెయ్యనన్న అర్థం తెచ్చుకున్నారు. దయచేసి ఈ ఒక్కటి మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలకు చెప్పండి.

‘జింజర్లీ’ అంటే జాగ్రత్తగా, జంకుతూ. అల్లంతో దానికి ఏ చుట్టరికమూ లేదు.

భయంకరమైన మాటలే మెచ్చుకోళ్లు

‘ఆఫుల్లీ నైస్’, ‘టెరిబ్లీ సారీ’. మొదటిదానిలో భయభక్తులు, రెండోదానిలో హడల్ దాగి ఉన్నాయి. వాడగా వాడగా భయం ఆవిరైపోయి ‘చాలా’ అనే అర్థం మిగిలింది. ఇంగ్లీషు వింత భాష అనుకోకండి. ‘సినిమా పిచ్చపిచ్చగా నచ్చింది’, ‘దారుణంగా నవ్వించాడు’ అని మన పిల్లలు రోజూ అంటున్నారు. గట్టి భావం చెప్పాలంటే ఏ భాషైనా భయాన్నీ, పిచ్చినీ అప్పు తెచ్చుకుంటుంది.

మైనం కథ నిజం కాదు

‘సిన్సియర్లీ’ గురించి ఒక కథ ఫోన్లలో తిరుగుతుంటుంది. రోమన్ శిల్పులు పగుళ్లను మైనంతో పూడ్చేవారట, మైనం లేని నికార్సయిన శిల్పాన్ని ‘సినే సెరా’ అనేవారట, అదే ‘సిన్సియర్’ అయిందట. వినడానికి ముచ్చటగా ఉంటుంది కానీ భాషా చరిత్రకారులు ఒప్పుకోరు. లాటిన్‌లో ‘సిన్సెరుస్’ అంటే స్వచ్ఛమైనది, కల్తీ లేనిది, అంతే.

ఉత్తరాల మర్యాద మాత్రం నిజం. బ్రిటిష్ పద్ధతిలో ‘డియర్ సర్’ అని మొదలుపెడితే ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’తో, పేరు పెట్టి మొదలుపెడితే ‘యువర్స్ సిన్సియర్లీ’తో ముగించాలి. అమెరికన్లు దేనికైనా ‘సిన్సియర్లీ’తో సరిపెడతారు.

రచయితలకు ‘లీ’ అంటే ఎందుకు కోపం?

1910లో టామ్ స్విఫ్ట్ అనే కుర్రాడి సాహస నవలలు అమెరికాలో మొదలయ్యాయి. ఆ పుస్తకాల్లో ఎవరూ ఊరికే ‘అన్నాడు’ అనరు. ఆత్రంగా అన్నాడు, విచారంగా అన్నాడు, నెమ్మదిగా అన్నాడు. దాన్ని పట్టుకుని జనం ఒక మాటల ఆట పుట్టించారు, దాని పేరే ‘టామ్ స్విఫ్టీ’. “ఫ్రిజ్ తలుపు ఎవరు తెరిచి వదిలేశారు?” అన్నాడు టామ్ ‘ఐసిలీ’. ‘ఐసిలీ’ అంటే ముభావంగా, మంచులా. అర్థం రెండువైపులా కుదరాలి, అదే ఆట. తరగతిలో పిల్లల చేత ఇవి రాయించి చూడండి, ఒక గంటలో ఇరవై క్రియావిశేషణాలు నోటికొస్తాయి.

అమెరికన్ నవలా రచయిత ఎల్మోర్ లెనార్డ్ 2001లో రాసిన రచనా సూత్రాల్లో ‘సెడ్’ పక్కన క్రియావిశేషణం పెట్టవద్దన్నాడు. మరో నవలా రచయిత స్టీఫెన్ కింగ్ కూడా అదే మాట గట్టిగా చెప్పాడు. వాళ్లు చెప్పింది కథలు రాసేవాళ్లకు. నేర్చుకునేవాళ్లు అది విని భయపడకూడదని నా అభిప్రాయం. పెట్టడం వచ్చినవాడికే తీయడం వస్తుంది.

టీవీ తెర మీద ఉచిత పాఠం

వినికిడి తక్కువున్నవాళ్ల కోసం ఓటీటీల్లో ప్రత్యేకంగా ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఉంటాయి. మాటలతో పాటు చప్పుళ్లు కూడా అక్షరాల్లో వస్తాయి. ‘లాఫ్స్ నెర్వస్లీ’, ‘సైస్ హెవిలీ’, ‘సాబ్స్ క్వైట్లీ’. నటుడి మొహం పైన, ఆ భావానికి ఇంగ్లీషు మాట కింద. బెరుకుగా నవ్వడం ఎలా ఉంటుందో కళ్లతో చూస్తూ ‘నెర్వస్లీ’ చదివితే నిఘంటువు అవసరం ఉండదు.

ఈ రాత్రి ఏదైనా ఇంగ్లీషు సినిమా పెట్టి, భాషల జాబితాలో ‘ఎస్‌డీహెచ్’ లేదా ‘సీసీ’ అని రాసున్న ఇంగ్లీషును ఎంచుకోండి. పక్కన ఒక నోటుపుస్తకం ఉంచుకుని, కనబడిన ప్రతి ‘లీ’ మాటకూ ఎదురుగా మీ ఇంట్లో వాడే తెలుగు మాట రాయండి. బిక్కుబిక్కుమంటూ, రుసరుసలాడుతూ, ముసిముసిగా, ఏది తోస్తే అది. నెల తిరిగేసరికి ఆ పుస్తకాన్ని మించిన నిఘంటువు మీకు ఏ దుకాణంలోనూ దొరకదు.